పాము తోక దగ్గర పురిటిల్లు

మా ముందుగది గోడకు ఒక పటం ఉంది. కొత్తగా ఇంటికి వచ్చినవాళ్ళలో సగంమంది దానికి దండం పెడతారు. విష్ణుచక్రమని కొందరు, ఏదో యంత్రమని కొందరు. గ్యాసు బండ తెచ్చినాయన ఒకసారి బండ దించి, చెప్పులు విడిచి, కళ్ళకద్దుకుని పోయాడు. అది దేవుడు కాదు నాయనా, గెలాక్సీ అని చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది. "ఏదైతేంది సార్, పైన ఉండేదే కదా" అన్నాడాయన. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపమే.

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు పటాలు కట్టే దుకాణం ఉండేది. దేవుళ్ళకూ చచ్చిపోయినవాళ్ళకూ చట్రాలు కట్టి ఇల్లు నడిపాను. చదువు నాలుగో తరగతిలో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చిన పాత పుస్తకాల్లోది. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోతే నిఘంటువు, నిఘంటువూ అర్థం కాకపోతే మొండితనం. ఆకాశాన్ని అట్లా నేర్చుకున్నాను. ఎవరూ పరీక్ష పెట్టలేదు కాబట్టి తప్పానని అనేవాడూ లేడు, పాసయ్యానని అనేవాడూ లేడు. దుకాణం మూసేసేముందు చివరగా నాకోసం నేను కట్టుకున్న పటం ఈ గెలాక్సీ. చైతన్యపురిలో ఫ్లెక్సీలు వేసే చోట ప్రింటు తీయించాను. కోచింగ్ సెంటర్ల ర్యాంకుల పిల్లల ముఖాల మధ్య నుంచి ఇది మెల్లగా మిషన్‌లోంచి బయటికి వస్తుంటే, అక్కడివాడు "ఏ కాలేజీ సార్ ఇది, లోగో బాగుంది" అన్నాడు.

లోగో కాదు. మధ్యలో పసుప్పచ్చటి ముద్ద, అది ముసలి చుక్కల గుంపు. ఆ ముద్దకు అడ్డంగా, ఇంటి దూలం పడ్డట్టు ఒక కడ్డీ. ఆ కడ్డీ రెండు కొసల నుంచి రెండు చేతులు బయల్దేరి మెలిక తిరుగుతూ పోతాయి. ఆ చేతుల పొడుగునా ఎర్రటి దద్దుర్లు. ఆ దద్దుర్లే అసలు సంగతి. ఒక్కొక్కటీ చుక్కలు పుడుతున్న చోటు. మన పాలపుంత పెద్దది, కానీ నింపాదిగా కంటుంది. ఇది మనకంటే చిన్నది, కనడంలో మాత్రం మనకంటే జోరు. చేతుల్లో ఉన్న వాయువునంతా ఆ కడ్డీ లోపలికి లాగి నడిమధ్యలో కుప్పపోస్తుంది. కుప్పపడ్డచోట ఒత్తిడి, ఒత్తిడి ఉన్నచోట పుట్టుక. పుట్టినవాటిలో బాగా పెద్దవి తొందరగా పేలి పోతాయి. నూరేళ్ళు తిరగకుండా అరడజను పేలడం మనవాళ్ళు చూశారు. పుట్టుడూ చచ్చుడూ ఆగని ఇల్లది.

దాని వెలుతురు మనదాకా రావడానికి ఇంచుమించు కోటిన్నర సంవత్సరాలు పడుతుంది. నేను దాన్ని కళ్ళారా చూశాను. అల్మాస్‌గూడ ఊరుగా ఉన్నప్పుడు, మా ఇంటి స్థలం చుట్టూ జొన్న చేలు ఉన్నప్పుడు, ఎండాకాలం పొద్దుగూకి బువ్వ తినేలోపల, జుమ్మెరాత్ బజార్‌లో కొన్న పాత దుర్భిణితో. చిత్త నక్షత్రం పట్టుకుని కిందికి, దక్షిణానికి జారితే, అద్దం మీద నోటితో ఊదిన ఆవిరంత మరక. అంతే. ఆ మరకలోనే పైన చెప్పిందంతా ఉంది. ఇప్పుడు ఎల్బీనగర్ ఫ్లైఓవర్ల లైట్లు, షాపింగ్ మాళ్ళ లైట్లు, ప్రతి డాబా మీద ఒక తెల్ల బల్బు. మరక సంగతి అటుంచి, చిత్తనే వెతుక్కోవాలి. ఆకాశాన్ని ఎవరు ఎత్తుకుపోయారని ఏ ఠాణాలో అడగాలి.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. మొన్న ఎండాకాలం మా మనుమరాలికి బిడ్డ పుట్టింది. ఆశ్లేష నాలుగో పాదంలో.

మనుమరాలంటే మా కొడుకు కూతురు. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో జంతుశాస్త్రం చెప్పేది. అక్కడే భౌతికశాస్త్రం చెప్పే అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. మేమూ అల్లుడనే అంటాం. వాళ్ళది కోస్తా. తల్లీకొడుకులు ఎప్పటినుంచో హయత్‌నగర్‌లో ఉంటున్నారు. తండ్రి లేడు. జాతకాలు చూడకుండా పెళ్ళికి ఒప్పుకున్న ఆ తల్లి మీద నాకు మొదటినుంచీ గౌరవమే. తొలి కాన్పు పుట్టింట్లో కాబట్టి పిల్ల మా ఇంటికి వచ్చింది. మా కొడుకూ కోడలూ పొద్దంతా స్టీలు సామాన్ల దుకాణంలో ఉంటారు. ఇంట్లో నేను, నా భార్య, ఆ పటం.

ఎల్బీనగర్ దవాఖానలో కాన్పు అయింది. నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి బయటికి తెస్తుంటే మేమందరం లేచాం. సరిగ్గా అప్పుడే అల్లుడి ఫోన్ మోగింది. వాళ్ళమ్మ. పుట్టిన గడియ వాళ్ళ పురోహితుడికి చెప్పి ఆయన మాట ఇటు చేరవేసింది. అల్లుడు ఫోన్ చెవికి పెట్టుకుని ఒక్క క్షణం అట్లాగే నిలబడి, గోడవైపు తిరిగిపోయాడు. నర్సు వెనకనుంచి, "సార్, ఆడపిల్ల, ఎత్తుకోండి" అంటోంది. ఆయన గోడకు అంటించిన టీకాల పోస్టరు చదువుతున్నాడు. వందలమంది పిల్లల ముందు నిలబడి భూమి చంద్రుణ్ణి ఎట్లా పట్టుకుందో చెప్పే మనిషి.

ఆశ్లేష నాలుగో పాదం తండ్రికి మంచిది కాదట. మళ్ళీ ఆ నక్షత్రం వచ్చేదాకా, అంటే నెలకు కాస్త తక్కువ, తండ్రి బిడ్డ ముఖం చూడకూడదు. ఆ రోజు శాంతి చేయించి, గిన్నెలో నూనె పోసి, ముందు నూనెలో బిడ్డ నీడ చూసి, ఆపైన బిడ్డను చూడాలి. ఫోన్‌లో ఫోటో కూడా వద్దన్నారు. శాస్త్రం రాసిననాడు ఫోన్లు లేవు కదమ్మా అని నేను వియ్యపురాలిని అడిగాను. "చూపు చూపే కదండీ బాబాయిగారూ" అన్నది.

అల్లుడు రోజూ పొద్దున్నే క్లాసుకు పోయేముందు మా గల్లీకి వచ్చేవాడు. గేటు బయట బండి ఆపి, డైపర్ల సంచి నా భార్య చేతికిచ్చి, అక్కడే నిలబడేవాడు. అది బిడ్డకు లాల పోసే వేళ. నూనె రుద్దుతుంటే బిడ్డ గల్లీ అదిరేట్టు ఏడ్చేది. ఆ ఏడుపు అంతా విని, అది ఆగాక, బండి స్టార్ట్ చేసి వెళ్ళేవాడు. ఏడుపు వినడానికి దోషం లేదట.

నా భార్య ఒకరోజు గేటు దగ్గర అననే అన్నది. "ఏం బిడ్డా, నువ్వు గిట్ల నిలబడితే కిరాయికి ఇల్లు దొర్కనోని లెక్క కనబడ్తున్నవ్. లోపలికొచ్చి చాయన్న తాగు."

"లోపలికొస్తే చూడకుండా ఉండలేనండీ మామ్మగారూ" అన్నాడు.

నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. ముందుగది నుంచి గేటుకు, గేటు నుంచి డాబా మీదికి. ఎవరి మీద అరవాలో తెలియని కోపం చాలా చెడ్డది, అది కాళ్ళలోకి దిగుతుంది. ఎవరు దొరికితే వాళ్ళకు ఆశ్లేష గురించి చెప్పాను. చింతపండు తూచే శెట్టికి చెప్పాను. మంచినీళ్ళ ట్యాంకర్ డ్రైవర్‌కు చెప్పాను. ఆశ్లేష అంటే పాము తల. ఆకాశంలో నాలుగైదు మసక చుక్కలు. ఆ పాము ఆకాశంలో అన్నిటికంటే పొడుగైనది, తల అక్కడుంటే తోక చిత్త కిందిదాకా పోతుంది. ఆ తోక పక్కనే ఉంది నేను చెప్పే గెలాక్సీ. అంటే మీరు దోషం దోషమని వణికిపోయే ఆ పాము తోక దగ్గర, మన పాలపుంతలో కూడా లేనంత జోరుగా చుక్కలు పుడుతున్నాయి. ఏ చుక్క పుడితే ఏ తండ్రి గోడవైపు తిరిగాడు.

ట్యాంకర్ డ్రైవర్ అంతా విని, "మా చిన్నోనిది ఏం నక్షత్రమో జర చూస్తవా పెద్దాయనా" అన్నాడు.

ఒక శుక్రవారం వియ్యపురాలు వచ్చింది. మనుమరాలికి పథ్యం కారప్పొడి, బిడ్డకు మెత్తటి పాత చీర ముక్కలు తెచ్చింది. కాళ్ళు కడుక్కుని బిడ్డను ఒళ్ళో వేసుకుని చాలాసేపు ఆడించింది. ఆమె చూడవచ్చు, నాయనమ్మకు అడ్డులేదు. తర్వాత ముందుగదిలోకి వచ్చి, నేను చూస్తుండగానే, బొడ్లో దోపుకున్న భరిణె తీసి, పటం గాజు మీద, గెలాక్సీ నడిమధ్యలో, కుంకుమ బొట్టు పెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. చేతి గుడ్డతో తుడవబోయాను. నా భార్య చూసిన చూపుకు ఆగిపోయాను.

"బాబాయిగారూ, కోప్పడకండి, ఒక మాట" అన్నది వియ్యపురాలు, కింద చాప మీద కూర్చుంటూ. "మీకు చుక్కలన్నీ తెలుసని కోడలు చెబుతూ ఉంటుంది. మా పంతులుగారు పంచాంగం చూసి చెప్పాడు. ఆయన ఆకాశం చూడలేదుగా. మీరు చూస్తారు. మీరు చెప్పండి. ఆ రోజు పిల్ల నక్షత్రం నిజంగా అదేనా?"

ఇంతకాలానికి ఒకరు అడిగారు. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. చంద్రుడు ఆశ్లేష చుక్కల మధ్యకు ఎన్నడూ పోడనీ, వాటికి ఉత్తరంగా, ఎడంగా దాటిపోతాడనీ, ఆకాశాన్ని సమానంగా కోసి ఒక్కో ముక్కకు ఒక్కో పేరు పెట్టుకున్నది మనమేననీ, ఆ ముక్కలకూ బిడ్డ తండ్రికీ ఏ సంబంధమూ లేదనీ అంతా చెప్పాను. పటం చూపించి ఎర్ర దద్దుర్లు చూపించాను. ఆమె ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.

"అయితే మన పిల్లకు దోషం లేదంటారా?"

"దోషమనేదే లేదమ్మా. ఎవ్వరికీ లేదు."

"అందరి సంగతీ నాకొద్దండీ. ఈ పిల్లకు లేదని చెప్పండి. మీరొక్క మాట అంటే ఇప్పుడే వాడికి ఫోన్ చేస్తాను."

దుకాణంలో కూర్చున్నన్నాళ్ళూ ఇదే గొడవ. పుస్తకంలో చుక్కల బొమ్మ కనబడితే చాలు, పటం కట్టించుకోవడానికి వచ్చినవాడు అరచెయ్యి చాపేవాడు. జోస్యం చెప్పే పని నాది కాదని వందలమందిని తరిమాను. ఇప్పుడు నా ఇంట్లోనే, నా పటం కిందే, నన్ను పీటమీద కూర్చోబెట్టి పంతులును చేస్తున్నారు. ఈ పిల్లకు లేదంటే ఇంకో పిల్లకు ఉందని ఒప్పుకున్నట్టే కదా.

"అట్ల నేను చెప్పను. ఉన్నది చెప్పిన. అర్థం చేసుకోవాలె" అన్నాను.

ఆమె లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "పెద్దవాళ్ళు. మీరే చెప్పలేకపోతే ఇంక నేనేం చేసేది" అంది. ఎగతాళి లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె వెళ్ళాక మనుమరాలు పురిటి గదిలోంచి పిలిచింది. చెవులకు గుడ్డ కట్టుకుని, బిడ్డకు పాలిస్తూ, నా ముఖం చూడకుండానే మాట్లాడింది.

"ఒక్క ముక్క చెప్తే ఏం పోతుండె తాతా?"

"అబద్ధం ఎట్ల చెప్తనే?"

"దోషం లేదనుడు అబద్ధమా?"

"లేదన్ననే కదా."

"నువ్వు దునియాకు చెప్పినవ్. ఆమెకు చెప్పలే." బిడ్డను భుజానికి ఎత్తుకుని వీపు నిమురుతూ అన్నది. "నీకు గెలుసుడు కావాలె. నాకు నా బిడ్డను వాళ్ళ నాయిన ఎత్తుకునుడు కావాలె. రోజుకో తీరు మారుతున్నది దీని ముఖం. ఇయ్యాల ఉన్నది రేపుండదు. గది తెలుసా నీకు?"

నా భార్య వంటింట్లోంచే అందుకుంది. "గాయనకు కోటి ఏండ్ల కిందటి ముచ్చట తెల్వాలె గాని, మొన్నటిది ఎందుకు తెలుస్తది."

ఆ సాయంత్రం ఇంట్లో ఉండలేక గల్లీ మలుపు దాకా నడిచాను. ఆ మూలన చాయ్ కొట్టు ఉంది. అల్లుడు అక్కడే ఉన్నాడు. క్లాసులు అయిపోయాక కూడా వస్తాడని నాకప్పుడే తెలిసింది. బల్ల మీద కూర్చుని మా డాబా వైపు చూస్తున్నాడు. దండెం మీద బిడ్డ గుడ్డలు ఆరుతున్నాయి.

నేను పక్కన కూర్చున్నాను. కోపంగా ఉన్నప్పుడు నాకు పాఠం తప్ప వేరే మాట రాదు. అదే మొదలుపెట్టాను. "చూడు బిడ్డా, హయత్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా తిన్నగ ఉన్న రోడ్డున్నదే, గదే కడ్డీ అనుకో. నల్గొండ దిక్కు నుంచి, ఖమ్మం దిక్కు నుంచి, మీ బెజవాడ దిక్కు నుంచి పిలగాండ్లు పెట్టె వట్టుకొని దాంట్లకు ఒస్తరు. గది వాళ్ళను గుంజి చైతన్యపురిల హాస్టళ్ళల్ల కుప్పపోస్తది. నా గెలాక్సీ చేసేది గిదే పని."

"అల్మాస్‌గూడ ఎక్కడండీ అందులో?"

"మాది చెయ్యి. కొసకు ఉంటం."

"కుప్పపడిన చోట చుక్కలు పుడతాయి. సిగ్నల్ దగ్గర జామ్ అయినట్టు" అన్నాడు, నవ్వుతూ. ఆయనకు నాకంటే బాగానే తెలుసు. గ్లాసు తిప్పుతూ, "ఒకటి చెప్పనా తాతయ్యా. మీ గెలాక్సీలో కూడా చుక్క పుట్టగానే ఎవరికీ కనబడదు కదా. చుట్టూ దుమ్ము తెర. అది తొలగడానికి చాలా కాలం పడుతుంది. అక్కడ కూడా మా అమ్మలాంటివాళ్ళు ఉన్నారేమో" అన్నాడు.

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. "నీకు తెలుసు కదరా అంత ఉత్తదని. పిలగాండ్లకు పాఠం చెప్తవ్. మీ అమ్మకు చెప్పరాదు?"

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు.

"మా నాన్న చెప్పాడండీ. నేను మూలలో పుట్టాను. మొదటి పాదం. అది కూడా తండ్రికే. మా నాన్న ఇవన్నీ నమ్మేవాడు కాదట. పుట్టిన రోజునే నన్ను ఎత్తుకుని వీధంతా తిప్పి, ఇదిగో చూడండి, నేను బతికే ఉన్నాను అని అందరికీ చెప్పాడట. ఏడాది తిరక్కుండా లారీ కింద పడ్డాడు. లారీవాడు తాగి ఉన్నాడు, బ్రేకుల్లేవు, అవన్నీ ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మా మేనత్తలు నన్ను తండ్రిని మింగినవాడనే పిలిచేవారు. అన్నం పెడుతూ కూడా అదే పేరు. అమ్మ నన్ను తీసుకుని ఈ ఊరు వచ్చేసింది అందుకే."

కొట్టువాడు రేడియో తగ్గించాడు. వింటున్నాడు కాబోలు.

"నాకేదో అవుతుందని నేను భయపడటం లేదండీ. రోజూ ఇదే రోడ్డు మీద బండి మీద తిరుగుతాను. రేపు నాకేమైనా అయితే, లారీ తప్పయినా, గుంత తప్పయినా, ఆ మాట దానికి తగులుతుంది. నాకు తగిలింది కాబట్టి తెలుసు. ఎవరూ ఒక్క మాట అనడానికి లేకుండా, అన్నీ పద్ధతిగా అయ్యాకే చూస్తాను. నెల పోతే పోయింది."

ఆయన చాయ్ డబ్బులు కూడా నేనే ఇచ్చి లేచాను. ఇన్నాళ్ళూ అతను గోడవైపు తిరిగింది పిరికితనంతో అనుకున్నాను.

ఇంటికి వచ్చి డాబా ఎక్కాను. ఇంకా చీకటి పడలేదు, పడమర ఎర్రగా ఉంది. గుడ్డలు తీస్తూ నా భార్య, "ఎందుకట్ల కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్" అంది. నాకే తెలియలేదు. నేను చెప్పినవన్నీ నిజాలే. ఆ వాయువుకు జాలి లేదు, ఆ కడ్డీకి ఎవరి జాతకమూ తెలియదు. కానీ ఆ నిజం వల్ల ఒక్క మేనత్త నోరు మూతపడదు. దోషం అనేది చుక్కల్లో లేదు సరే. మనుషుల నోళ్ళలో ఉంది. అక్కడ ఉన్నదాన్ని దుర్భిణి పెట్టి లేదనడం ఎట్లా.

మరుసటి రోజు తెల్లవారుజామునే హయత్‌నగర్‌కు ఫోన్ చేసి వియ్యపురాలిని రమ్మన్నాను. కొడుకును లేపకుండా ఆటోలో వచ్చింది. ఏమైందో ఏమోనని చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడింది.

నేను కూర్చోలేదు. కూర్చుంటే పాఠం మొదలవుతుంది.

"నిన్న అడిగినవ్ కదమ్మా. చెప్తున్న, ఇను. ఈ పిల్లకు దోషం లేదు."

ఆమె నా కళ్ళలోకి చూసింది. "నిన్న చెప్పనన్నారు."

"నిన్న తెల్వదు. ఇయ్యాల చూసిన."

"ఏం చూశారు?"

"చూసిన. చంద్రుడు ఆ పామును ముట్టలేదు. నీ మనుమరాలికి దోషం లేదు, నీ కొడుకుకు గండం లేదు."

ఆమె నమ్మిందని అనుకోను. అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. నా మాటలో ఎక్కడో పట్టుకోవడానికి ఒక కొస కోసం వెతుకుతున్నట్టు గుమ్మం పట్టుకుంది.

"మీ మీద వేసుకుంటారా బాబాయిగారూ?"

"ఏసుకుంటున్న. ఏమన్న అయితే ముసలోడు చెప్తేనే చూసిండు అను. ఊళ్ళె అందరికి చెప్పు. నన్ను అనుమను. పిల్లను ఒక్క మాట అంటే మాత్రం నేనూకోను."

ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. చాప మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఆయన పోయినప్పుడు ఈ మాట అనేవాడు ఒక్కడు లేకపోయాడండీ" అంది. తర్వాత నా భార్యతో, "పిన్నిగారూ, ఒక గిన్నెలో నువ్వుల నూనె పోస్తారా. ఆ ఒక్కటీ ఉంచుకుంటాను" అంది.

నేను నోరు తెరవబోయాను. లోపల్నుంచి మనుమరాలు, "తాతా" అంది. మూసుకున్నాను.

గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైంది. వాళ్ళమ్మే వెళ్ళి తలుపు తీసింది. ఏం చెప్పిందో వినబడలేదు. అల్లుడు వాకిట్లో నల్లా కింద కాళ్ళు కడిగాడు, చేతులు కడిగాడు, మళ్ళీ కాళ్ళు కడిగాడు. లోపలికి తల వంచుకుని వచ్చి కంచు గిన్నె ముందు కూర్చున్నాడు. మనుమరాలు బిడ్డను ఎత్తుకుని ఆయన వెనక నిలబడి, భుజం మీదుగా ముందుకు వంచింది.

నేను ఎన్నో అద్దాలు కోశాను, ఎన్నో గాజులు బిగించాను. నూనెలో ముఖం అంత తేటగా కనబడుతుందని నాకు తెలియదు. నల్లటి నూనె, అందులో ఇంత ముఖం, మూసిన గుప్పిట. బిడ్డ ఆవలించింది. నూనెలో కూడా ఆవలించింది.

ఆయన కదల్లేదు. అందరం వెనక్కి తిరుగుతాడని చూస్తున్నాం. గిన్నెలోకే చూస్తున్నాడు. "తిరుగు నాన్నా, ఇంక చూడొచ్చు" అంది వాళ్ళమ్మ. ఆయన చెయ్యి వెనక్కి చాపాడు, తల తిప్పకుండానే. బిడ్డ ఆ వేలు పట్టుకుంది. అప్పుడు తిరిగాడు.

నేను ముందుగదిలోకి వచ్చేశాను. అక్కడ నాకు పనేమీ లేదు, ఎక్కడా పనేమీ లేదు.

వారం తిరక్కముందే వియ్యపురాలు ఫోన్ చేసింది. వెనక ఎవరో ఆడమనిషి గొంతు వినబడుతోంది.

"బాబాయిగారూ, మా పక్కింటివాళ్ళ అమ్మాయికి మొన్న బాబు పుట్టాడండీ. జ్యేష్ఠ నక్షత్రమట. మిమ్మల్ని ఒక్కసారి చూసి చెప్పమంటున్నారు."

ఇదే జరుగుతుందని నాకు తెలుసు. ఒక్క పిల్లకు లేదన్నానంటే ఊరంతా గేటు ముందు నిలబడుతుందని తెలుసు. ఇన్నేళ్ళూ తరిమిందంతా తిరిగొచ్చింది. చుక్కలు పుట్టే కథ చెబుతానంటే వినడానికి ఒక్కడు రాలేదు. దోషం చూడమంటే వస్తున్నారు. ఫోన్ పట్టుకుని గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాను. పెట్టేద్దామనుకున్నాను.

"జ్యేష్ఠ ఏ పాదమో రాసుకున్నారండీ, చెప్పమంటారా?" అంది ఆవిడ.

"పాదం ఒద్దు. తండ్రి చూసిండా పిలగాన్ని?"

అటు ఏదో అడిగి, మళ్ళీ లైనులోకి వచ్చింది. "ఇంకా లేదటండీ. బయట వరండాలో ఉన్నాడట."

"దోషం లేదు. లోపలికి పొమ్మను" అన్నాను. "నా మీద ఏసుకుంటున్న."